పెరటి నీళ్లు తొక్కే ఆవిడ

ఆ ఇంటి పెరట్లో నీళ్లు నిలవ ఉంచకూడదట.

ఉంచితే... రాత్రిపూట ఎవరో వచ్చి అందులో కాలు పెట్టి చూస్తారట. బకెట్టు కావచ్చు, తొట్టి కావచ్చు, మొక్కలకని పట్టి పెట్టుకున్న డ్రమ్ము కావచ్చు — ఏదైనా సరే. తెల్లారేసరికి ఆ నీళ్లు చేత్తో ముట్టుకోడానికి కూడా పనికిరావట.

ఈ మాట నాది కాదు. మా అక్కా బావా అద్దెకుండే ఇంటి పక్కన ఒక టైలరమ్మ ఉంది, ఆవిడది. ఆ పెరట్లో ఒకప్పుడు నేలలోకి తవ్విన సిమెంటు తొట్టి ఉండేదట. అందులో ఒకావిడ జారిపడి పోయిందట. ఇంటి ఓనరు తొట్టిని మట్టితో పూడ్పించేశాడట. అప్పటినుంచి ఆ పోయినావిడ తన తొట్టి ఎక్కడుందా అని వెతుక్కుంటూ, కనబడిన నీళ్లనల్లా తొక్కి చూసుకుంటుందట. టైలరమ్మ ఇదంతా కుట్టుమిషను ఆపకుండా చెబుతుంది.

నేను దెయ్యాల్ని నమ్మను, ముందే చెబుతున్నా. స్కూలు బస్సు నడుపుతాను నేను. బస్సునిండా పిల్లల్ని వేసుకుని రోజూ ట్రాఫిక్‌లో తిరిగేవాడికి దెయ్యం ఒక లెక్కా! కానీ మా బావ ఈ సంగతి చెప్పిన రోజు మాత్రం నేను బస్సు పక్కకి తీసి ఆపాల్సి వచ్చింది. ఆయన నాకెలా చెప్పాడో అలాగే చెబుతా. మధ్యలో నాకు ఒళ్లు మండిన చోట మండిందనీ చెబుతా, ఏమీ అనుకోకండి.

మా బావ లిఫ్టులు రిపేరు చేస్తాడు. అంతస్తుల మధ్య ఇరుక్కుపోయిన లిఫ్టులోంచి మనుషుల్ని బయటికి లాగే మనిషి. అందుకే ఆయనకి కాస్త పొగరు. లోకంలో తను బాగుచెయ్యలేని వస్తువు లేదని ఆయన నమ్మకం. అలాంటివాణ్ణి ఒక తొట్టెడు నీళ్లు ఏడిపించాయంటే, బావమరిదిగా నాకు మొదట్లో కొంచెం సరదాగానే ఉండేది. తర్వాత సరదా పోయింది.

ఎందుకంటే ఆ నీళ్లు మా అక్క కోసం.

బావ వాళ్లమ్మ కూడా వాళ్లతోనే ఉంటుంది. నాకు అత్తయ్య వరస. ఆవిడకి శుభ్రం పిచ్చి. తోమిన గిన్నె మళ్లీ తోముతుంది. తుడిచిన నేల మళ్లీ తుడుస్తుంది. ఎవరైనా ఇంటికొస్తే వాళ్లు లేచి వెళ్లేదాకా కూడా ఆగదు, కాళ్లెత్తమని కుర్చీ కింద తుడిచేస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం వరండా సబ్బునీళ్లతో కడిగింది. అది ఆరకముందే అక్క చేతినిండా ఉతికిన బట్టలతో వచ్చింది. అడుగు కనబడలేదు. జారింది.

తుంటి ఎముక విరిగింది.

ఆపరేషను బాగానే జరిగింది, ఎముక అతుక్కుంది. కానీ అక్క కాలు నేల మీద పెట్టదు. వాకరు పట్టుకుని నిలబెడితే వణుకుతుంది. "పడిపోతా, పడిపోతా" అని ఒకటే గోల. మా అక్క చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని గోడలు దూకిన మనిషండీ... అలా వణుకుతుంటే చూడలేక నేను బయటికొచ్చేసేవాణ్ణి.

అత్తాకోడళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. గొడవేం లేదు. ఈవిడ అనలేదు, ఆవిడ అడగలేదు. అత్తయ్య కంచం తెచ్చి స్టూలు మీద పెట్టి వెళ్లిపోతుంది, అక్క తిని అక్కడే పెడుతుంది. అంతే.

డాక్టరు గట్టిగానే చెప్పాడు. "ఎముకకి ఢోకా లేదు. కాలికి పనిలేక కండ కరిగిపోతోంది. నీళ్లలో నడిపించండి, నీళ్లలో ఒంటి బరువు తెలియదు. ఇప్పుడు నడవకపోతే ఇక జన్మంతా కర్రే."

జన్మంతా కర్రే — ఈ మాట బావని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఊళ్లో ఉన్న ఈతకొలను రిపేరని మూసేశారు. ఈయన వెళ్లి, తవ్వకుండా నేల మీద నిలబెట్టే రకం స్విమ్మింగ్ పూల్ కొనుక్కొచ్చాడు. చుట్టూ ఇనప పైపుల చట్రం, దానికి బిగించిన మందపాటి ప్లాస్టిక్ షీటు, గుండె లోతు నీళ్లు, అంచు మీదుగా అటూ ఇటూ దిగే నిచ్చెన, పక్కన బుడబుడమనే పంపూ ఫిల్టరూ. అక్క మంచం పక్క కిటికీలోంచి చూస్తే సరిగ్గా ఎదురుగా కనబడేలా పెరట్లో పెట్టాడు.

మొదటిరోజు నేనూ ఉన్నా. నీళ్లు అద్దంలా ఉన్నాయి. బావ అక్కని ఎత్తుకుని నిచ్చెన ఎక్కాడు, లోపల నిలబడ్డ ఫిజియో మేడం, కాలికి కసరత్తు చేయించడానికి వచ్చినావిడ, అందుకుంది. అక్క తల వంచి తన పాదాలనే చూసుకుంటూ ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. తలెత్తి నా వైపు చూసి, "ఒరేయ్, చూశావా!" అంది.

చూశాను. బస్సు డిపోకి వెళ్తూ దారంతా పాటలు పాడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. బావ.

"ఒరేయ్, నీళ్లు తెల్లబడిపోయాయిరా."

"తెల్లబడటమేంటి?"

"సున్నం కలిపినట్టున్నాయి. లోపల చెయ్యి పెడితే చెయ్యి కనబడట్లేదు. మీ అక్క చూసి, అడుగు కనబడని నీళ్లలో కాలు పెట్టనంది. మేడం కూడా వద్దంది. ఆపరేషను అయిన మనిషిని మురికి నీళ్లలో ఎలా దించుతామంది."

"క్లోరిన్ వెయ్యి."

"వేశాను."

"ఇంకా వెయ్యి."

అదీ నా సలహా. అప్పుడు నాకేం తెలుసు, అది రోజూ వచ్చే ఫోను అవుతుందని!

క్లోరిన్ వేశాడు. మర్నాడూ తెలుపే. పూల్ మందులు అమ్మే షాపుకి వెళ్లాడు. ఆ షాపాయన రంగు మారే కాగితం ముక్క ఒకటిచ్చి, నీళ్లలో ముంచి తెమ్మన్నాడు. తెస్తే చూసి, తల పంకించి, ఇంకో డబ్బా ఇచ్చాడు. అది వేస్తే నీళ్లు ఆకుపచ్చగా మారాయి. పచ్చదనం పోవడానికి మరో డబ్బా. అది వేస్తే పచ్చదనం పోయింది, తెలుపు వచ్చింది. ఫిల్టరు విప్పి కడిగాడు. కొత్త ఫిల్టరు పెట్టాడు. ఒకరోజు విసుగెత్తి మొత్తం నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టాడు. పెరడంతా బురద. అత్తయ్య ఆ బురద కడుగుతూ కూర్చుంది.

కొత్త నీళ్లు కూడా తెల్లారేసరికి తెల్లబడ్డాయి!

"సాయంత్రం బాగానే ఉంటాయిరా," అంటాడు బావ. "రాత్రి నేను పడుకునేటప్పుడు కూడా బాగానే ఉంటాయి. పొద్దున్నే చూస్తే... నా ఖర్మ!"

ఆఖరికి షాపాయన ఒక పొడి ఇచ్చాడు. "సాయంత్రం ఇది చల్లి పంపు ఆపెయ్యండి. రాత్రంతా నీళ్లు కదలకూడదు. నలుసూ మురికీ అంతా కలిసి అడుగున తెల్లటి పొరలా దిగుతుంది. పొద్దున్నే గొట్టం పెట్టి ఆ పొరని మెల్లగా బయటికి లాగెయ్యండి. ఇక మీ నీళ్లకి తిరుగులేదు," అన్నాడు.

బావ చల్లాడు. పంపు ఆపాడు. ఇంట్లో ఇద్దరికీ ఆర్డరు వేశాడు — పూల్ జోలికి ఎవరూ రాకూడదు, పిట్ట వాలినా తరిమెయ్యాలి, నీళ్లు కదిలాయో నేను మనిషిని కాను!

తెల్లారింది. నిచ్చెన ఎక్కి చూశాడు.

ముందుకంటే అధ్వాన్నం. తెలుపుతో పాటు అంచుల వెంట బుసబుసా నురగ.

షాపుకి పరిగెత్తాడు. షాపాయన తాపీగా, "నీళ్లు కదిలాయండి," అన్నాడు.

"ఎవరు కదుపుతారయ్యా? మా ఇంట్లో ఒకరు మంచం మీద, ఒకరు ముసలావిడ!"

"మీ ఇంటి సంగతి నాకేం తెలుసండీ. కదపకుండా మాత్రం ఇలా అవదు."

నాకు ఫోన్ చేసి ఈ మాటలు చెబుతూ బావ అరిచాడు. నా మీద అరిచాడు, షాపాయన మీద అరిచాడు, పంపు మీద అరిచాడు. నాకూ చిర్రెత్తుకొచ్చింది. "ఇన్ని లిఫ్టులు బాగుచేశావు, ఒక తొట్టి చేతకాదా బావా? అక్క కాలు ఏమైపోతోంది అక్కడ?" అనేశాను. అనకుండా ఉండాల్సింది. బావ ఫోను పెట్టేశాడు.

అక్క మాత్రం రోజూ పొద్దున్నే కిటికీలోంచి చూసి, "ఇవాళా బాలేవా? సర్లెండి," అని గోడవైపు తిరిగి పడుకునేది. ఆ "సర్లెండి" వినలేకపోతున్నానని బావ అనేవాడు. మళ్లీ డాక్టరుకి చూపించాల్సిన రోజు దగ్గరికొచ్చేస్తోంది.

తర్వాత ఫోనులో బావ అరవలేదు. గుసగుసగా మాట్లాడాడు.

"ఒరేయ్... ఇవాళ నీళ్లు సగం తేరుకున్నాయి. అడుగు కొంచెం కనబడుతోంది."

"మంచిదేగా! గుసగుసలెందుకు?"

"అడుగున తెల్లపొర దిగింది కదా... దాని మీద..."

"దాని మీద?"

"అడుగులున్నాయిరా. పాదాలు. చిన్నవి... ఆడమనిషివి. పూల్ గోడ వెంబడే, చుట్టూ తిరిగినట్టు."

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు.

ఆ రోజే టైలరమ్మ గోడ మీదుగా ఆ తొట్టి సంగతంతా చెప్పింది బావకి. ఇన్నాళ్లూ చెప్పకుండా ఉన్నందుకు ఆవిడని తిట్టాలో, చెప్పినందుకు తిట్టాలో ఈయనకి తెలియలేదు. ఇంటికొచ్చి అత్తయ్యని అడిగాడు, "అమ్మా, రాత్రిపూట పెరట్లో ఏమన్నా చప్పుడు అవుతోందా?" అని. ఆవిడ కంచం తుడుస్తూ, "నాకేం వినబడుతుంది నాయనా, పడుకుంటే ఒళ్లు తెలియదు నాకు," అంది. అక్కని అడగలేదు. అసలే భయంతో చస్తున్న మనిషికి ఇంకో భయం ఎందుకని.

పూల్ మీద పెద్ద పట్టా కప్పి, చుట్టూ తాడు బిగించి కట్టాడు.

పొద్దున్నే చూస్తే పట్టా వరండా గట్టు మీద ఉంది. తాడు చుట్టచుట్టి ఉంది. పట్టా నాలుగు మూలలూ కలిపి, చక్కగా మడత పెట్టి ఉంది!

"మడత పెట్టే దెయ్యమేంటి బావా?" అన్నాను నేను.

"నాకూ అదే అర్థం కావట్లేదు," అన్నాడాయన.

అక్కడే ఇద్దరం కాస్త బుర్ర పెట్టి ఆలోచించి ఉంటే సరిపోయేది. ఆయన నిద్రలేక, నేను కోపం ఆపుకోలేక, ఇద్దరికీ ఆ ముక్క తట్టలేదు.

ఆ రాత్రి బావ ఏదైతే అదవుతుందని కాపలా కూర్చున్నాడు. పొడి చల్లాడు, పంపు ఆపాడు, మళ్లీ పట్టా కప్పాడు. వంటింటి వెనక తలుపు గడియ పెట్టి, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, లైటు ఆర్పి, చేతిలో టార్చి పట్టుకుని కూర్చున్నాడు. అక్క గదికి పెరట్లోకి వేరే తలుపుంది, అది లోపలినుంచి వేసే ఉంది. అత్తయ్య చిన్నగదిలో పడుకుంది. ఇల్లంతా నిశ్శబ్దం. పంపు కూడా లేదేమో... బయట ఆకు కదిలినా వినబడుతోంది.

పగలంతా లిఫ్టులతో కుస్తీ పట్టిన ఒళ్లు. ఎంతసేపని ఆగుతుంది? కునుకు పట్టేసింది.

ఏదో కేక విన్నట్టయి ఉలిక్కిపడి లేచాడు.

ఎవరో ఆడమనిషి కేక. కలలోనా... బయటా?

లేవబోతే ఒంటి మీదనుంచి ఏదో జారి కింద పడింది. తడిమి చూశాడు. దుప్పటి. తను కప్పుకోలేదు. కుర్చీలో కూర్చున్నవాడికి మెడదాకా ఎవరో దుప్పటి కప్పి... అంచులు కూడా దోపి వెళ్లారు!

తల తిప్పి చూశాడు. తను గడియ పెట్టిన తలుపు — ఓరగా తెరిచి ఉంది.

కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. వీధి లైటు వెలుతురు పూల్ అంచు మీద సన్నగా పడుతోంది. పట్టా లేదు. నీళ్లు కదులుతున్నాయి. గాలి లేదు, పంపు లేదు... లోపల ఏదో పెద్దది దొర్లుతున్నట్టు నీళ్లు అంచుకి కొట్టుకుంటున్నాయి.

అప్పుడు... నీళ్లలోంచి ఒక చెయ్యి లేచింది.

అంచు కోసం గాలిలో తడిమింది. అందలేదు. మునిగిపోయింది.

మళ్లీ లేచింది. ఈసారి వేళ్లు మాత్రమే.

"అరవాలనుకున్నానురా," అని చెప్పాడు నాకు. "గొంతు రాలేదు. సిమెంటు తొట్టిలో పడ్డావిడే కళ్లముందు కనబడుతోంది నాకు. అది ఎన్నేళ్ల కిందో జరిగింది, ఇప్పుడు నాకు చూపిస్తోంది అనుకున్నా."

అంతలో ఇంటి గోడ పక్కనుంచి ఇంకో ఆకారం.

తెల్లటి నైటీ. విరబోసిన జుట్టు. ఒక చెయ్యి గోడకి ఆనించి... ఒక కాలు వేస్తూ, ఇంకో కాలు ఈడుస్తూ... వస్తోంది. ఆ ఈడ్చే చప్పుడు వినబడుతోంది ఈయనకి. గోడ అయిపోయింది. అక్కడ ఆగింది. పట్టుకోడానికి ఇక ఏమీ లేదు.

గోడ వదిలేసింది.

ఊగుతూ, తూలుతూ, చేతులు చాచి, పెరటి మధ్యలోంచి సూటిగా పూల్ దగ్గరికి నడిచింది. నిచ్చెన రెండు చేతులా పట్టుకుంది. మెట్టుకి ఒక మూలుగు... మెట్టుకి ఒక మూలుగు... ఎక్కింది. అంచు మీద ఒక్క క్షణం కనబడింది. ఆ నల్లటి నీళ్లలోకి దబ్బున పడింది.

మా బావ ఏం చేశాడో తెలుసా?

తలుపు మూసి గడియ పెట్టాడు.

అవునండీ. పదో అంతస్తులో తీగ పట్టుకుని వేలాడే మనిషి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఈ మాట చెప్పినప్పుడే నేను బస్సు ఆపాను. తిట్టడానికి నోరు తెరిచాను. కానీ ఆయన గొంతు విని ఊరుకున్నాను.

తలుపు దగ్గర నిలబడ్డాక మొట్టమొదట అక్క గుర్తొచ్చింది. అక్క కిటికీ సరిగ్గా పూల్ ఎదురుగానే ఉంటుంది. ఇది గానీ చూసిందంటే గుండె ఆగి చస్తుంది. ఎలాగైనా ఆ కిటికీ మూసెయ్యాలి. చీకట్లో గోడలకి గుద్దుకుంటూ అక్క గదిలోకి పరిగెత్తాడు.

వాకరు మంచం పక్కనే నిలబడి ఉంది.

మంచం మీద అక్క లేదు.

దుప్పటి సగం నేల మీద. పెరట్లోకి వెళ్లే తలుపు బార్లా తెరిచి ఉంది.

బావకి విషయం తలకెక్కడానికి రెండు క్షణాలు పట్టింది. గోడ పట్టుకుని నడిచి... గోడ వదిలేసి... కాలు ఈడ్చుకుంటూ...

తన పెళ్లాం నడుస్తుంటే గుర్తుపట్టలేకపోయాడాయన. ఎలా గుర్తుపడతాడు? ఆ ఇంట్లో ఆ మనిషి నడిచి ఎన్నాళ్లయింది!

ఆ తలుపులోంచే పరిగెత్తాడు. నిచ్చెన మీద ఎలా ఎక్కాడో తెలియదు. టార్చి వేశాడు.

నీళ్లు తెల్లగా, నురగ నురగగా ఉన్నాయి. మధ్యలో రెండు తలలు. అక్క గుండె లోతు నీళ్లలో రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఉంది. ఆవిడ మెడ చుట్టూ రెండు చేతులూ పెనవేసుకుని, దగ్గుతూ, నీళ్లు కక్కుతూ... అత్తయ్య.

"లైటు వేసి చూస్తారేంటండీ!" అని అరిచింది అక్క. "పట్టుకోండి ముందు! అత్తయ్య నా చేతుల్లోంచి జారిపోతోంది!"

బావ దూకాడు. అడుగు పెట్టగానే తనూ జారాడు. ప్లాస్టిక్ షీటంతా సబ్బు. గిన్నెలు తోమే పీచు ఒకటి నీళ్ల మీద తేలుతోంది.

ముందు వాళ్లమ్మని పైకెత్తి బయటపెట్టాడు. తర్వాత అక్కని ఎత్తబోతే, "ఆగండి, నేనొస్తా," అంది. వచ్చింది. నిచ్చెన దాకా వచ్చింది. అక్కడ కాళ్లు తేలిపోయి ఈయన మీద పడిపోయింది అనుకోండి, అది వేరే సంగతి.

వంటింట్లో లైటు వేసి, ఇద్దరికీ తువ్వాళ్లు కప్పి, కుర్చీల్లో కూర్చోబెట్టి, స్టవ్ మీద నీళ్లు పెట్టాడు. అగ్గిపుల్ల ఒక పట్టాన వెలగలేదట. అత్తయ్య తల ఎత్తలేదు.

"ఏం చేస్తున్నావమ్మా అందులో?"

ఆవిడ చిన్నగా, "తొట్టి గోడంతా జిడ్డుగా ఉంటోందిరా. చేత్తో రాస్తే జారుతోంది. జిడ్డు గిన్నెలో నీళ్లు పోస్తే ఎక్కడైనా శుభ్రంగా ఉంటాయా? మొదట్లో నిచ్చెన మీదనుంచే తోమేదాన్ని. అడుగు అందక లోపలికి దిగాను. ఇవాళ కాస్త సబ్బు ఎక్కువ పడింది. తడిసిన బట్ట కాళ్లకి చుట్టుకుపోయింది," అంది.

"రోజూనా?"

"రోజూ."

బావ నెత్తి బాదుకున్నాడు. "అమ్మా! రాత్రంతా మురికి కిందికి దిగాలని నేను మందు చల్లుతున్నా. నువ్వు వెళ్లి దాన్ని తొక్కి, తోమి, మళ్లీ పైకి లేపుతున్నావు! పైగా సబ్బు! ఇన్నాళ్లూ నేను ఎవరితో కొట్లాడుతున్నానో తెలుసా? నీతో!"

"జోలికి రావద్దన్నావు కదా," అంది అత్తయ్య. "పగలు రానిస్తావా నువ్వు? నేను కడిగిన నేల మీదే కదా అమ్మాయి పడింది. ఆ మొహం పెట్టుకుని ఏం మాట్లాడను? ఈ తొట్టైనా నా చేత్తో శుభ్రం చేసిద్దామనుకున్నా. నడుస్తుంది కదా... నడిస్తే చాలనుకున్నా."

ఇక ఆవిడ ఏడ్చేసింది. బావ కోపమంతా ఎటో పోయింది.

అప్పుడు అక్క నోరు విప్పింది.

"నాకు తెలుసు."

"ఏంటి తెలుసు?"

"అత్తయ్య వెళ్తోందని. రోజూ చూస్తున్నా కిటికీలోంచి."

బావ అక్క వైపు తిరిగాడు. "తెలిసి... చెప్పలేదా? నేను పిచ్చెక్కిపోతుంటే?"

అక్క తువ్వాలు అంచు పిండుతూ కూర్చుంది. "నీళ్లు తేరుకుంటే నన్ను దింపుతారు కదండీ. నాకు భయమేసేది. ఆవిడ తోముతుంటే... అమ్మయ్య, రేపు కూడా దిగక్కర్లేదు అనుకునేదాన్ని. ఇవాళ ఆవిడ లోపల పడిపోయి ఎంతకీ పైకి రాలేదు. ఏవండీ అని గట్టిగా అరిచాను. మీరు పలకలేదు." అత్తయ్య వైపు తిరిగింది. "నేనొక్క మాట చెప్పి ఉంటే మీకు ఇంత పని అయ్యేది కాదత్తయ్యా. నా భయం కోసం మిమ్మల్ని చంపుకునేదాన్ని."

ఆపరేషను తర్వాత అక్క ఆవిడని అత్తయ్యా అని పిలవడం అదే మొదలు.

అత్తయ్య తన ఒంటి మీది తువ్వాలు తీసి అక్క తల తుడవడం మొదలెట్టింది. గట్టిగా, గిన్నె తోమినట్టే తుడిచింది. "మెల్లగా అత్తయ్యా, జుట్టు ఊడుతుంది," అంటున్నా వినలేదు.

నీళ్లు కాగాయి. బావ గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. ముగ్గురూ తాగుతున్నారు. ఉన్నట్టుండి అక్క గ్లాసు కింద పెట్టింది.

"అవునూ... నేను నీళ్లలో పడగానే గడియ పడిన చప్పుడు వినబడింది. ఈ తలుపే. ఎవరు వేశారు?"

బావ స్టవ్ వైపు తిరిగి, ఆరిపోయిన మంటని మళ్లీ ఆర్పాడు.

"ఏవండీ, మిమ్మల్నే."

"నేనే."

"మీరా? నన్ను చూసి కూడా గడియ పెట్టారా?"

"నువ్వని తెలియలేదే... నువ్వు నడుస్తావని నాకు... అసలు ఆ ఆలోచనే రాలేదు. దెయ్యం అనుకున్నా."

అక్క నవ్వాలో ఏడవాలో తెలియక మొహం తువ్వాల్లో దాచుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. బావ తల దించుకుని, దోషిలా నిలబడ్డాడు.

అత్తయ్య కోడలి తల తుడవడం ఆపి, కొడుకుని ఎగాదిగా చూసింది.

"దెయ్యమట దెయ్యం! ఆ దెయ్యమే గనక రాకపోతే, ఈపాటికి నేనయ్యేదాన్నిరా వెధవా!"